రెండు వేళ్లు తగ్గిన తుపాకి

అది మా తుపాకి కాదని పుంగనూరు పోలీస్ స్టేషన్లో గట్టిగా పోట్లాడాను. నాకు నోరు ఎక్కువని మా ఆయన అనేవాడు. ఆయన పోయాక ఇంట్లో ఆ నోటికి పని లేకుండా పోయింది. ఆ రోజు దానికి దొరికినవాడు పాపం ఒక కానిస్టేబులు.

మా ఆయన పట్టాళంలో సిపాయిగా చేసి వచ్చి, కుప్పంలో ఒక ఫైనాన్సు ఆఫీసు గేటు దగ్గర సొంత తుపాకితో కాపలా ఉద్యోగం చేశాడు. వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. మాకు పిల్లలు లేరు. పుంగనూరు అవతల చేను పక్కన ఇంట్లో నేనూ, రెండు ఆవులూ. ఉద్యోగం మానేసి వచ్చాకే మేం కలిసి బతికింది. చెనిక్కాయ చేలోకి అడవిపందులు వస్తే ఆయన గాల్లోకి ఒకసారి పేల్చి, వచ్చి పడుకునేవాడు. నన్నూ నేర్చుకోమన్నాడు. "నువ్వుండావు కదా, నాకు యాల?" అనేదాన్ని.

ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పజెప్పాలి. మొన్నటి ఎన్నికలకు ఆయన పొద్దున్నే తుపాకి తీసుకుని పోయి, సాయంత్రానికి గానీ రాలేదు. ఇంతసేపేమిటంటే లైను పెద్దదన్నాడు. ఓట్లు లెక్కపెట్టేలోపే గుండె ఆగి పోయాడు. బట్టలు ఎవరెవరో తీసుకుపోయారు. ఆయన చెంప ఆనించిన వస్తువు నాకు మిగిలింది ఆ తుపాకి ఒక్కటే. ఏమైనా సరే దాన్ని వదులుకోకూడదనుకున్నాను.

ఎన్నికలయ్యాక స్టేషన్‌కు పోయి అడిగితే, కానిస్టేబులు ఒక తుపాకి తెచ్చి నా ముందు నిలబెట్టాడు. ఏటా ఆయుధ పూజకు మా తుపాకిని తుడిచి బొట్లు పెట్టేది నేనే. నేను పొట్టిదాన్ని, పక్కన నిలబెడితే దాని మూతి సరిగ్గా నా భుజానికి వచ్చేది. ఇది రెండు వేళ్లు తక్కువ. భుజానికి ఆనించే కర్ర మడమకు నల్ల రబ్బరు ముక్కొకటి బిగించి ఉంది.

"ఇది మాది కాదప్పా. మాది ఎవురికిచ్చినారో సూడు."

"నంబరు సరిపోయిందమ్మా."

"నంబరుదేముండాది, ఎవురైనా కొడతారు. నా భుజం అబద్ధం సెప్తాదా?"

అతను విసిగిపోయాడు. లైసెన్సు నా పేరుకు మారేదాకా తుపాకి నా దగ్గర ఉండకూడదు. మదనపల్లెలో తుపాకుల షాపులో దాచాలి. "ఎట్లాగూ ఆడికి పోవాల్సిందే కదా, ఆ షాపు ఆయప్పనే అడుగుదాం పా" అన్నాడు. దాన్ని గోనెసంచిలో చుట్టుకుని బస్సులో నా ముందు సీట్లో కూర్చున్నాడు. మాది ఎవరింట్లోనో ఏ మూలనో నిలబడి ఉంటుందని నాకు దారంతా ఒకటే దిగులు.

షాపాయన ముసలాయన. కళ్లజోడు నుదుటి మీంచి దించుకుని నిదానంగా చూశాడు. గొట్టం దగ్గర అరిగిపోయిన కిరీటం గుర్తు చూపించాడు. అది మొదట పట్టాళం రైఫిలట. తర్వాత గొట్టం లోపలి మెలి గాట్లు తీసేసి, సన్న గుండ్ల తూటాలకు పనికొచ్చేట్టు నున్నగా చేశారు. ఇంకెవరో గొట్టం కింది కర్రను ముందు వైపు కోసేసి బరువు తగ్గించారు. మా ఆయన కూడా దాని గురించి ఇవే మాటలు చెప్పేవాడు. అంటే ఇది మాదే.

"మరి ఈడ?" అని మడమ చూపించాను.

"అది నేను కోసిందేమ్మా."

"ఎవురు కొయ్యమన్నారు నిన్ను?" షాపు బయటికి వినపడేలా అరిచాను.

ఆయన కోప్పడలేదు. "మీ ఆయప్పే. ఎలచ్చన్లకు ముందర వచ్చినాడు. నీకు పొట్టిదైపోతాది కదప్పా అంటే, నాకు గాదు, మా ఇంట్లో మనిషికి అన్నాడు. ఎంత ఎత్తుంటాదంటే ఇట్లా సూపించినాడు." ముసలాయన అరచెయ్యి తన రొమ్ము మీద అడ్డంగా పెట్టుకున్నాడు. "ఆ పొద్దు ఆస్పత్రి నుంచి నేరుగా ఈడికే వచ్చినాడు. గుండె ఎన్నాళ్లో కొట్టుకోదని డాక్టరు సెప్పినాడంట. నీకు తెలిసే ఉంటాదనుకుంటి."

నాకు తెలియదు.

"ఒకసారి పట్టుకో తల్లీ, సరిపోయిందో లేదో సూస్తా" అని, లోపల తూటా లేదని తెరిచి చూపించి నా చేతికిచ్చాడు. ఎత్తాను. మడమ నా భుజం గుంటలో కుదురుగా కూర్చుంది. ట్రిగ్గరు నా వేలికి అందింది. నన్ను దగ్గర నిలబెట్టి కొలవకుండానే, మా ఆయన గుర్తుపెట్టుకుని చెప్పాడు నా కొలత. కానిస్టేబులు వీధి వైపు తిరిగి నిలబడ్డాడు.

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. దొంగ మనిషి. తుపాకి అప్పజెప్పిన ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, చారు బాగుందని రెండోసారి పోయించుకున్నాడు. పోయేదాకా రోజూ నా ఎదురుగా కూర్చునే తిన్నాడు, ఒక్క మాట చెప్పలేదు. ఇన్నాళ్లూ నేను ఒంటరిదాన్నయిపోయానని నన్ను తలుచుకునే ఏడ్చాను. నాకంటే ముందు ఆయన ఒంటరివాడయ్యాడు, నేను పక్కన ఉండగానే.