గుమ్మానికి అడ్డంగా నా చెయ్యి

మా పాపకి ఎనిమిదో నెలలో వైరస్ సోకి ఊపిరి అందకపోతే అమలాపురం ఆసుపత్రిలో చేర్చాను. మావారు కువైట్‌లో ఉన్నారు. జలుబున్నవాళ్లని పాప దగ్గరికి రానివ్వద్దన్నారు డాక్టరుగారు.

మర్నాడే మలికిపురం నుంచి ఆటో నిండా చుట్టాలు పరామర్శకి దిగారు. అందరికంటే ముందు మా అత్తగారి అక్క, చేతిలో కొబ్బరి బొండాలతో, ముక్కు చీదుకుంటూ. ఆక్సిజన్ మీదున్న పిల్లని ముద్దాడాలని లోపలికి రాబోతుంటే గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టాను.

“జలుబు తగ్గాక రండి, పెద్దత్తయ్యగారూ.”

“చూడ్డానికొచ్చినోళ్లని గుమ్మంలోంచే పంపేత్తావా? మేం పరాయోళ్లమా?”

“ఆయ్! పాప కోలుకునేదాకా పరాయోళ్లేనండి.”

నాకు పొగరని ఊరంతా చెప్పారావిడ. పాప కోలుకుని ఇంటికొచ్చింది. ఆవిడ ఇప్పటికీ నాతో మాట్లాడరు. పాపని ఎత్తుకునే ముందు మాత్రం, ఎవరూ చెప్పకుండానే, సబ్బుతో చేతులు కడుక్కుంటారు.

మాట్లాడకపోతే మానె!