సుధాకర్ కందిమడిని నేను రట్టు చేసిన వైనం

ఒక మనిషి తన పరువును తానే ఫొటోలు తీసి, తెర మీద పెద్దది చేసి, విదేశీ అతిథులకు చూపించడం మీరెప్పుడైనా విన్నారా? వినలేదు కదా. అయితే కాస్త దగ్గరికి జరగండి, చెబుతాను.

ఉప్పల్‌లో ఒక వ్యవసాయ పరిశోధన సంస్థలో శిక్షణ విభాగం నాది. విభాగమంటే గొప్పగా ఊహించుకోకండి. ఎవరికి ఏ గది, ఏ పూట ఉప్మా, సర్టిఫికెట్ మీద పేరు సరిగ్గా పడిందా లేదా, ఇదే నా శాస్త్రం. చదివింది బీకాం. బూట్లు పాడవుతాయని పొలం వైపు వెళ్లేవాణ్ని కాదు.

ఆ ఏడు తూర్పు ఆఫ్రికాలోని ఒక పరిశోధన కేంద్రంతో మాకు ఒప్పందం కుదిరింది. అక్కడివాళ్లకు పని నేర్పడానికి మా నుంచి ఒకరు ఆరు నెలలు వెళ్లాలి. నేర్పడమంటే శిక్షణ, శిక్షణంటే నేను. అలా తేల్చేసుకుని ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఎర్రటి సూట్‌కేస్ కొని, నాచారంలో మా వీధంతా చూసేలా ఇంటికి దొర్లించుకొచ్చాను.

“గింత పెట్టె ఎందుకయ్యా? పొమ్మన్నరా నిన్ను?” అంది నా భార్య సుజాత.

“అంటరు. నేను గాకపోతే ఇంకెవరున్నరు?”

ఉన్నాడు. సుధాకర్. తెనాలి మనిషి, కంది శాస్త్రవేత్త. శిక్షణకు వచ్చినవాళ్లు నేను పెట్టించిన బిర్యానీ తిని, వెళ్లి అతనితో సెల్ఫీలు దిగేవారు. “సుధాకర్ సార్ క్లాసు ఇంకోటి పెట్టించండి” అని మళ్లీ నన్నే అడిగేవారు. అప్పుడు నా కడుపులో రేగిన మంట మీద బ్యాచ్ మొత్తానికి ఉప్మా వండొచ్చు. పైగా అతను మంచివాడు. అదింకా భరించలేకపోయాను. గోంగూర పచ్చడి సీసా తెచ్చి, “మీ ఇంట్లోవాళ్లకి నచ్చుతుందండీ” అనేవాడు. సుజాతకు నచ్చింది కూడా! ఆమె లొట్టలు వేస్తుంటే నేను పెరుగన్నం తిని లేచేవాణ్ని.

ఆ ఆఫ్రికా కేంద్రం నుంచి అతిథులు రావడానికి ముందురోజు, షామియానా ఎక్కడ వేయించాలో చూడటానికి కీసర దగ్గరున్న మా పొలానికి వెళ్లక తప్పలేదు. అక్కడ కనబడింది సుధాకర్ మడి. వరసలకు వరసలు కంది మొక్కలు తలలు వాల్చేసి ఎండిపోయాయి. అక్కడక్కడ ఒక్కో వరస మాత్రం పచ్చగా ఉంది. మడి చివర బోర్డు: ‘తెగులు మడి. బాధ్యులు: సుధాకర్’. ఎంత సిగ్గులేని మనిషి! మడికి తెగులు పట్టించుకున్నదీ కాక, పేరు రాయించి మరీ బోర్డు పెట్టుకున్నాడు!

కాపలా మల్లయ్యను పిలిచాను. “ఏం మల్లయ్యా, గిట్ల సచ్చినయేంది?”

“మస్తుగ సచ్చినయ్ సార్!” అన్నాడు ఎందుకో గర్వంగా. “సుధాకర్ సార్ ఫుల్ ఖుషీ అయిండు.”

మతి కూడా పోయిందన్నమాట. పైకి “అయ్యో పాపం” అన్నాను. లోపల డప్పులు మోగుతున్నాయి. ఫోన్ తీసి, బోర్డుతో సహా ఆ మడిని పెళ్లి ఫొటోలు తీసినంత శ్రద్ధగా తీశాను.

మర్నాడు సమావేశం. ఒక పక్క మా డైరెక్టర్ వసుంధర మేడమ్, ఎదురుగా అతిథులు. శిక్షణ విభాగం గురించి చెప్పమంటే ఆ ఫొటోలు తెర మీద వేసి, గొంతులో విచారం నింపుకున్నాను.

“పక్కవాళ్లకు నేర్పే ముందు మన ఇల్లు చూసుకోవాలి. ఇది మా సుధాకర్ గారి మడి. ఎవరినీ తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు.”

అదే నా ఉద్దేశమని మీకు వేరే చెప్పక్కర్లేదు.

అతిథుల్లో పెద్దావిడ లేచి, కళ్లజోడు సర్దుకుంటూ తెర దగ్గరికి నడిచింది. అయిపోయాడు సుధాకర్, అనుకున్నాను. ఆమె ఇంగ్లీషులో అన్న మాటల సారం ఇది: “ఇంత చక్కగా చచ్చిన కందిని నేనెక్కడా చూడలేదు! మా దగ్గర ఎంత పాటుపడ్డా సగం బతికిపోతాయి.”

చప్పట్లు మోగాయి. మేడమ్ నా చెవి దగ్గరికి వంగింది.

“యాదగిరీ, ఆ మడిల తెగులును మనమే పెంచుతం. తట్టుకోలేని రకమంతా సావాలె. అప్పుడే బతికిన వరసకు దమ్మున్నదని తెలుస్తది. ఇన్నేండ్లు ఈడనే ఉండి...” మిగతాది మింగేసింది.

సుధాకర్ వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి. “నా పనిని నలుగురిలో ఇలా చూపించినవాళ్లు ఇంతవరకూ లేరండీ.” తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాటకు మాత్రం నిజంగానే తల దించుకున్నాను.

ప్రయాణం అతనికే ఖాయమైంది. నాకూ ఒక ఆదేశం వచ్చింది: వచ్చే బ్యాచ్‌లో శిక్షణకు కూర్చోవాలి, మొదటి బెంచీలో. ఆ సర్టిఫికెట్ మీద నా పేరు సరిగ్గా పడిందో లేదో చూసుకోవాల్సిందీ నేనే.

ఆదివారం సుధాకర్ మిఠాయి డబ్బాతో మా ఇంటికొచ్చాడు. “అంతా మీ చలవేనండీ. ఒక్క సాయం. ఈ చుట్టుపక్కల పెద్ద సూట్‌కేస్ ఎక్కడ దొరుకుతుందండీ?”

నేను నోరు తెరిచేలోపే లోపలి నుంచి చక్రాల చప్పుడు వినిపించింది.

“కొనుడెందుకన్నా? మా ఆయన ముందే తెచ్చిపెట్టిండు. నీ కోసమే అనుకుంట!” అంటూ సుజాత ఎర్ర సూట్‌కేస్‌ను అతని ముందు నిలబెట్టింది.

కాబట్టి నాచారం నడిబజారులో నిలబడి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎండిన మొక్క ఎక్కడ కనబడినా, అది ఎవరి విజయమో కనుక్కున్నాకే ఫోన్ బయటికి తీస్తాను. ఖాయం కాని ప్రయాణానికి సూట్‌కేస్ కొనను. ఒకవేళ కొన్నా, సుజాతకు తెలిసిన చోట పెట్టను.