లిస్బన్ ఇచ్చిన గంట

"సాయంత్రం అయిదింటికి విమానం బయల్దేరి అయిదూ ఇరవైకి దిగుతుందని టికెట్ మీద ఉంది కదే. ఇరవై నిమిషాలేగా!"

"అయిదొందల కిలోమీటర్లు ఇరవై నిమిషాల్లో ఎలా వెళ్తాం అమ్మమ్మా? గంటా ఇరవై పడుతుంది. లిస్బన్ గడియారం మాడ్రిడ్ కంటే గంట వెనకుంటుంది."

"మనకి దేశమంతా ఒకటే టైము. పక్కపక్క దేశాలేగా, వీళ్ళకేంటే ఈ చోద్యం?"

పక్క సీటులోని లిస్బన్ పెద్దావిడ ఏంటని అడిగింది. మా మనవరాలు గొడవంతా చెప్పి, మర్నాడు తనకి ఉద్యోగం ఇంటర్వ్యూ ఉందని, భయంతో రెండు రోజులుగా నిద్ర లేదని కూడా చెప్పింది. ఆవిడ నవ్వి ఏదో అంది.

"ఈ గంట మా ఊరు నీకు ఊరికే ఇస్తోంది, నిద్రపో అంటోంది అమ్మమ్మా."

ఊరికే వచ్చిన గంటని నిద్రకి తగలేస్తారా అనుకున్నాను. రాజమండ్రిలో మా ఇంట్లో పొద్దున్న అయిదు దాటాక ఎవరినీ పడుకోనివ్వను.

మర్నాడు నేను అయిదింటికే లేచాను. పిల్ల ఆరింటిదాకా నిద్రపోయింది. నేను లేపలేదు.