మూడో పేరా

దానికి టేపు అని పేరు పెట్టింది నేనే. పాత టేపురికార్డరులో క్యాసెట్టు పెట్టి మీట నొక్కితే ఎలా మొదలవుతుందో, ఈ పిల్ల కూడా పాఠం పేరు చెబితే చాలు, అలా మొదలయ్యేది. మధ్యలో ఎవరైనా ఆపితే ఆగినచోటి నుంచి అందుకోవడం చేతకాదు, మళ్లీ మొదటికే వెళ్లాలి. మా హాస్టల్లో మన భాష వాళ్లం ఆరుగురం ఉండేవాళ్లం. నేను పేరు పెట్టిన వారానికి మిగతా అందరి నోళ్లలోనూ అదే పేరు. పిలిస్తే అది నవ్వుతూ పలికేది కూడా. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది. వేళాకోళం చేస్తున్నారని కూడా తెలియని మనిషిని వేళాకోళం చెయ్యడంలో సరదా ఏముంటుంది?

పద్దెనిమిదో ఏట నర్సింగ్ డిగ్రీ చదవడానికి ఈ దేశం వచ్చింది. వాళ్ల నాన్న అక్కడ కలప డిపోలో గుమాస్తా. పగలంతా దుంగలు కొలిచి, సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, కూతుర్ని ఎదురుగా నిలబెట్టుకునేవాడట. ఆయనకి ఇంగ్లీషు అక్షరాలు తెలుసు, అర్థాలు తెలియవు. అయినా పుస్తకం చేత్తో పట్టుకుని, లైను కింద వేలు జరుపుతూ, కూతురు అప్పజెప్పేది సరిచూసేవాడు. ఒక్క మాట జారితే "మళ్లీ మొదటి నుంచి" అనేవాడు. కొట్టడు, తిట్టడు. వడ్డించిన కంచాలు చల్లారిపోయేవి. తల్లి గుమ్మంలో నిలబడి "ఇక చాల్లెండి, పిల్ల పడిపోయేలా ఉంది" అంటున్నా ఆయన వేలు పుస్తకం మీంచి లేచేది కాదు. పదేళ్లు అలా నడిచింది. బడిలో ఫస్టు, కాలేజీలో ఫస్టు. ఆ మార్కులు చూసే ఇక్కడి యూనివర్సిటీ వాళ్లు పిలిచి సీటిచ్చారు.

ఇదంతా చెప్పి నవ్వుతున్నానంటే నేనేదో వేరే రకం అనుకోకండి. నేనూ బట్టీ పట్టే ఇంతదాన్నయ్యాను. మా ఇంట్లో నాన్న బదులు మావయ్య ఉండేవాడు, వేలు బదులు పెన్సిలు. తేడా ఏమిటంటే నాకు కాస్త తెలివుంది. పుస్తకంలో ఉన్న వాక్యాన్ని తలకిందులు చేసి, రెండు మాటలు మార్చి, మధ్యలో ఒక సొంత ముక్క తగిలించి రాసేదాన్ని. ఇక్కడి వాళ్లు దాన్ని "స్వతంత్ర ఆలోచన" అని మెచ్చుకుని మార్కులేశారు. మూడో ఏడు వచ్చేసరికి కొత్తగా వచ్చిన విదేశీ విద్యార్థులకి సాయం చేసే పని కూడా నాకే అప్పగించి, మెడలో వేసుకోవడానికి ఒక ఆకుపచ్చ కార్డు ఇచ్చారు. ఆ కార్డు వేసుకుని తిరుగుతుంటే నా నడకే మారిపోయింది.

టేపుని నా గదిలోనే వేశారు. రెండు మంచాలు, రెండు బల్లలు, కిటికీ తీస్తే బట్టలుతికే మిషన్ల గది. ఆదివారం మధ్యాహ్నం తప్పకుండా నాన్నకి ఫోను చేసేది. ఇక్కడి పుస్తకం జెరాక్సు కాపీ ఆయనకి పంపించింది. ఫోనులో ఇది అప్పజెప్పడం, అక్కడాయన వేలు జరపడం. "కాస్త ఆ సోది బాల్కనీలోకెళ్లి చెప్పుకోవే" అని నేను కసిరేదాన్ని. బాల్కనీలో చలికి వణుకుతూ నిలబడి మూత్రపిండాల గురించి గంటసేపు చెప్పేది.

ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలి. ఆసుపత్రి వార్డులోకి వెళితే అది వేరే మనిషి. నడుము విరిగిన ముసలావిణ్ని పక్కకి తిప్పాలంటే మిగతావాళ్లం ఇద్దరేసి కలిసి పట్టినా ఆవిడ కేకలు పెట్టేది. ఇది ఒక్కతే వెళ్లి, చెవిలో ఏదో చెప్పి, భుజం కింద చెయ్యి పెట్టి తిప్పేసేది. ఆవిడ కిక్కురుమనేది కాదు. పెద్ద నర్సు ఒకసారి నాతో, "నీకు మార్కులొస్తాయి, ఆ పిల్లకి పని వస్తుంది" అంది. ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

రెండో ఏడు పరీక్షల్లో గుండె గురించి ప్రశ్న వచ్చింది. నెత్తురు ఏ గదిలోంచి ఏ గదిలోకి ఎలా ప్రవహిస్తుందో వివరించండి అని. టేపు మూడు పేజీలు రాసింది. కామాలతో సహా పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు. అంతవరకైనా ఎలాగోలా గట్టెక్కేదేమో. రెండో పేజీ మధ్యలో "పక్క పేజీలోని నాలుగో బొమ్మలో చూసినట్లు" అని రాసి, పక్క పేజీలో ఏ బొమ్మా వెయ్యకుండా ముందుకెళ్లిపోయింది. పుస్తకంలో ఉంది కాబట్టి రాసింది. ఏదైనా వదిలేస్తే తప్పని కదా దానికి నేర్పింది!

ఆ పేపరు దిద్దిన లెక్చరరు అక్కడ ఎర్ర సిరాతో సున్నా చుట్టాడు. వారానికి ఉత్తరం వచ్చింది. పరీక్షలో పుస్తకం దగ్గర పెట్టుకుని కాపీ కొట్టినట్లు అనుమానం, విచారణకి రావాలి, తోడుగా ఒకర్ని తెచ్చుకోవచ్చు. నేరం రుజువైతే సీటు పోతుంది. సీటు పోతే వీసా పోతుంది. ఉత్తరం చదివి నా మంచం అంచున కూర్చుంది.

"అక్కా, నువ్వు వస్తావా? నువ్వు చెబితే నమ్ముతారు. నీ దగ్గర కార్డు కూడా ఉంది."

"వస్తాలే, ఏడవకు. నువ్వు కాపీ కొట్టలేదని నాకు తెలీదూ!"

నిజంగానే అన్నాను. ఆ నిమిషంలో నాకు వేరే ఉద్దేశం ఏమీ లేదు.

విచారణ మూడో అంతస్తులో. పొడుగాటి బల్లకి అటువైపు ముగ్గురు: తెల్లజుట్టు అధ్యక్షురాలు, గుండె పాఠం లెక్చరరు, ప్రతి మాటా టైపు చేసే గుమాస్తా. ఇటువైపు మేమిద్దరం. టేపు ఇస్త్రీ బట్టలు వేసుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని వచ్చింది. ఇంగ్లీషులో తడుముకుంటూ, "నేను కాపీ కొట్టలేదు మేడమ్. నాకు వచ్చు. అప్పజెప్పమంటే అప్పజెబుతాను" అంది.

అధ్యక్షురాలికి ఇదేదో విచిత్రంగా అనిపించినట్టుంది. "సరే, చెప్పు" అంది.

టేపు లేచి నిలబడింది. చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ మొదలుపెట్టింది. మామూలుగా తడబడే నోరు, అప్పజెప్పేటప్పుడు వరదలా పారుతుంది. లెక్చరరు పుస్తకం తెరిచి చూస్తున్నాడు. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. నాలుగో బొమ్మ దగ్గరికి వచ్చినప్పుడు గుమాస్తా నవ్వాపుకోలేక మొహం పక్కకి తిప్పుకున్నాడు. నాకు తల తీసేసినట్లయింది. ఊగడం చూసి సిగ్గేసింది, ఆ కళ్లు మూసుకోవడం చూసి సిగ్గేసింది. వాళ్లు దాన్ని చూసి నన్ను కూడా అలాగే ఊహించుకుంటున్నారనిపించింది.

అయిపోయాక లెక్చరరు పుస్తకం మూశాడు. "పరీక్ష అయి పన్నెండు రోజులైంది. ఉత్తరం అందాక కూర్చుని నేర్చుకుని ఉండొచ్చు. దీనివల్ల ఏమీ తేలదు."

అధ్యక్షురాలు ఆలోచించింది. "ఇంకో పేజీ ఏదైనా ఇచ్చి, ఓ గంట టైమిచ్చి చూద్దామా?"

"బయట ఇంకా నలుగురు కూర్చున్నారు మేడమ్" అన్నాడాయన గోడ గడియారం వైపు చూస్తూ.

అప్పుడు ఆవిడ టేపుని కాసేపు బయట కూర్చోమని, నా వైపు తిరిగింది. తలుపు మూసుకునే ముందు టేపు నా వంక ఒక చూపు చూసి వెళ్లింది. దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు మనుషులు అలా చూస్తారు.

"మీరిద్దరూ ఒకే చోటి నుంచి వచ్చారు కదా," అంది అధ్యక్షురాలు. "మీ దగ్గర పిల్లలు నిజంగా ఇలాగే చదువుతారా? పుస్తకం మొత్తం, ఇలా?"

అవునండీ అంటే చాలు. ఆ ఒక్క మాటతో టేపు బయటపడేది. నోటిదాకా వచ్చింది కూడా. ఇంతలో లెక్చరరు కళ్లజోడు పైకి జరుపుకుని, "మీరు కూడా రెండేళ్ల కిందట నా పరీక్ష రాశారు. బాగా రాశారని గుర్తు. మీరూ ఇలాగే చదివారా?" అన్నాడు.

ఆయన ఊరికే అడిగాడో, అనుమానంతో అడిగాడో ఇప్పటికీ తెలియదు. నా పాత పేపరు బీరువాలోంచి తీసి పుస్తకం పక్కన పెడతారేమోనని భయం. నా ఆసుపత్రి ఉద్యోగానికి ఆయన సంతకమే కావాలి. భయం ఒక్కటే అంటే మాత్రం అబద్ధమవుతుంది. ఆ పిల్లతో ఒకే గాటన కట్టించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

"లేదండీ," అన్నాను. "మా దగ్గర ఎవరూ ఇలా చదవరు. నేనెక్కడా చూడలేదు."

గుమాస్తా టైపు చేశాడు. అధ్యక్షురాలు థాంక్స్ చెప్పింది. ఇంకో పేజీ ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

బయట బెంచీ మీంచి టేపు చటుక్కున లేచింది. "ఏమన్నారక్కా? నువ్వు చెప్పావా?"

"చెప్పాను."

అది నా చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది. నేను చెయ్యి లాక్కున్నాను. దారి పొడుగునా ఊగడం మానుకోమని దాన్నే తిట్టాను. ఆ ఆదివారం ఫోనులో వాళ్ల నాన్నకి, "అక్క లోపల నాకోసం మాట్లాడింది నాన్నా" అని చెప్పడం నా చెవిన పడింది.

నాకు కావలసిన సంతకం తర్వాతి వారం పడింది. టేపుకి రావలసిన ఉత్తరం ఆ వారమే, శనివారం వచ్చింది. ఒక పేజీ, అయిదు పేరాలు. నిలబడే చదివింది. మడిచి బల్ల సొరుగులో పెట్టింది. ఏడవలేదు, నన్నేమీ అడగలేదు. నేను ఏముందే అంటే "రేపు నాన్నకి చెబుతానుగా, అప్పుడు విందువులే" అంది. పోనీలే అని ఊరుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం ఫోను చేసింది. ఈసారి బాల్కనీలోకి వెళ్లలేదు. గది మధ్యలో నిలబడి, చేతులు కట్టుకుని, స్పీకరు పెట్టి, ఉత్తరం మొత్తం ఇంగ్లీషులో అప్పజెప్పింది. మొదటి పేరాలో అభియోగం. రెండో పేరాలో విచారణ తేదీ. మూడో పేరాలో, తోడుగా వచ్చిన విద్యార్థిని తమ ప్రాంతంలో ఇటువంటి చదువు పద్ధతి ఏదీ లేదని స్పష్టంగా చెప్పినందున విద్యార్థి వాదన నమ్మదగినది కాదని కమిటీ తేల్చింది. నాలుగులో సీటు రద్దు. అయిదులో, ఇరవై ఎనిమిది రోజుల్లో దేశం విడిచి వెళ్లాలి. ఊగలేదు, కళ్లు మూసుకోలేదు. మొదటి మాట నుంచి చివరి మాట దాకా నన్నే చూస్తూ చెప్పింది.

"శెభాష్!" అన్నాడు అవతల వాళ్ల నాన్న. "ఎక్కడా తడబడలేదు తల్లీ. కొత్త పాఠమా? నా కాగితాల్లో కనపడట్లేదే. దీని అర్థం ఏంటి?"

"నాకు ఏమీ రాదని ఇక్కడ తేల్చేశారు నాన్నా. అర్థం అక్క చెబుతుంది" అని ఫోను నా చేతిలో పెట్టింది.

తప్పించుకోవడానికి దారి లేకపోయింది. చెప్పాను. ఒక్కో పేరా చెబుతుంటే ఆయన "ఆ... ఆ..." అంటున్నాడు. రెండో పేరా నుంచి నాలుగుకి దూకుదామని చూశాను. టేపు మూడు వేళ్లు చూపించింది. మూడో పేరా కూడా చెప్పాను. అలా అయిదు పేరాలూ అయ్యాయి.

"అంటే... పంపించేస్తున్నారా?" అన్నాడాయన. "ఎవరమ్మా ఆ పిల్ల? అంత అబద్ధం ఎలా చెప్పింది? నువ్వు లోపలే ఉన్నావటగా, నా కూతురు చెప్పింది. నువ్వైనా ఇది తప్పండీ అనలేకపోయావా తల్లీ?"

"నేను... అప్పుడు నేను బయట ఉన్నానండీ" అన్నాను.

టేపు నాకు బాగా దగ్గరగా వచ్చింది.

"బయట ఉన్నది నేను కదక్కా" అంది, ఫోనులో వినపడేటట్టుగానే.

తర్వాత ఆయన, "ఫోను మా అమ్మాయికివ్వండి" అన్నాడు.