బొగ్గూరి పెద్దాయన మా బండలు కొట్టి చూసిన రోజు

ఇంగ్లండులో నేను నర్సుగా మూడేళ్లు పనిచేసిన ఊరు బాగా చిన్నది. ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే "తాండూరే, కాకపోతే వాన ఎక్కువ" అంటాను. నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. మా ఊరు బండలు తవ్వి బతికితే, అది బొగ్గు తవ్వి బతికింది. గని మూసేసి ఎన్నో ఏళ్లయినా, నిన్న మధ్యాహ్నమే మూసినంత కోపంగా మాట్లాడతారు అక్కడివాళ్లు. తవ్విపోసిన మట్టిగుట్ట మీద గడ్డి మొలిపించి పార్కు అంటారు. గని చక్రాన్ని సగానికి కోసి ఊరి మొదట్లో పాతిపెట్టారు. మొదటిరోజు చూసి, ఎవరి బండి చక్రమో పాపం కూరుకుపోయిందనుకున్నాను.

నేను అద్దెకున్న ఇంటి ఓనరు ఆ గనిలో చేసిన మనిషే. డెబ్బై దాటాయి. ఇంట్లోకి ఎప్పుడొచ్చినా ముందు నన్ను కాదు, పైకప్పును పలకరించేవాడు. చేతికర్రతో రెండు దెబ్బలు వేసి, చెవి రిక్కించి, ఆ తర్వాతే నాకు హలో. గనిలో నెత్తిమీది రాయి గట్టిగా ఉందో, ఊడిపడుతుందో అట్లా కొట్టే తెలుసుకునేవాళ్లట. నాకు నవ్వాగేది కాదు. మా నాయినదీ అదే రోగం మరి.

నాయిన తాండూరులో పాలిషింగ్ యూనిట్‌లో నలభై ఏళ్లుగా బండలు ఏరిపెడుతున్నాడు. వేలి కణుపుతో కొడితే ఖంగుమన్నది మంచిది. దబ్బుమంటే లోపల పగులో, కింద డొల్లో ఉన్నట్టు. పెళ్లికి పోయినా అక్కడి గచ్చు కొట్టి చూసే రకం. నేను తిరిగొచ్చి వికారాబాద్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకటి కనిపెట్టాను. నాయినకు చెవులు పోయాయి. కోత మిషన్ల మోత మింగేసింది. ఏమడిగినా "ఆఁ, మస్తున్నది" అంటాడు. కూరలో ఉప్పు కషాయమైందన్నా మస్తే, పక్కింటాయన పోయాడన్నా మస్తే. బయటపడితే పని పోతుంది, పనికన్నా ముందు పరువు పోతుందని ఆయన భయం. అమ్మా నేనూ కలిసి దాచాం. నలుగురిలో ఆయన పక్కన నిలబడి మాటలు అందించడం రెండేళ్లుగా నా డ్యూటీ.

ఈ మధ్య కొత్తిల్లు కట్టుకుని ఆ ఓనర్ని గృహప్రవేశానికి రమ్మన్నాను. ఏదో మర్యాదకి! ఆయన నిజంగానే దిగాడు. ముహూర్తం రేపనగా ఇల్లు చూపిస్తుంటే, అలవాటు ప్రకారం పైకప్పును కర్రతో పొడిచాడు.

"అయ్యో, కొత్తింటిని గట్ల కర్రతోటి కొడ్తడేందే?" అమ్మ గుండెలు బాదుకుంది.

"వాళ్ల కాడ గట్లనే మొక్కుతరమ్మా," అన్నాను.

పైకప్పు పాసయింది. కర్ర కిందికి దిగింది. గచ్చులో ప్రతి బండా నాయిన ఏరిందే, పరిచాక కొట్టి చూసి సరే అన్నదే. నడిమింట్లో ఒక బండ దబ్బుమంది. ఇది డొల్ల అన్నాడు పెద్దాయన, ఇంగ్లీషులో.

"ఏమంటున్నడు?" అని నాయిన అరిచాడు.

"బండలు మస్తున్నయట!"

ఇంకో బండా దబ్బే. కింద సిమెంటు నిండలేదు, ఎవరు చూశారీ పని అని అడిగాడాయన.

"గింత మంచిగ ఎవరు జేపిచ్చిన్రని అడుగుతున్నడు!"

నాయిన మీసం దువ్వుకుని, బొటనవేలితో తన ఛాతీ చూపించుకున్నాడు.

పెద్దాయన నాయిన ముఖం వైపు కాసేపు చూశాడు. నన్నేమీ అడగకుండా మెల్లగా మోకాళ్ల మీద కూర్చుని, నాయిన్నీ చెయ్యి పట్టి కూర్చోబెట్టి, ఆ అరచేతిని బండకు ఆనించాడు. పక్కనే కర్రతో కొట్టాడు. ముందు మంచి బండ, తర్వాత డొల్లది. గని మిషన్ల మోతలో చెవులు పనిచేయనప్పుడు వాళ్లు అట్లా చెయ్యి ఆనించే రాయిని తెలుసుకునేవాళ్లట. నేను చెప్పక్కర్లేకుండానే నాయినకు అర్థమైంది. బండను కాదు, నన్ను చూశాడు.

"నా చెవుల సంగతి ఎన్నొద్దుల సంది దాస్తున్నవు నువ్వు?"

రెండు వేళ్లు చూపించి, "రెండేండ్లు," అన్నాను.

"రెండేండ్ల సంది నేను మంచియని పంపిన బండలు ఎవలెవల ఇండ్లల్ల పడ్డయో! నా పరువు జూసినవు గని, గది జూడకపోతివా బిడ్డా?"

నిజంగానే నేను దాని గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. సిగ్గుతో అక్కడే కూలబడి ఏడ్చేశాను. ఇద్దరు ముసలివాళ్లూ నన్ను పట్టించుకోలేదు. ఒకరు ఇంగ్లీషులో, ఒకరు తెలుగులో అరుచుకుంటూ పొద్దుగూకే దాకా ఇల్లంతా మోకాళ్ల మీద పాకి, డొల్ల బండలకు సుద్దముక్కతో గుర్తులు పెట్టారు.

మర్నాడు గృహప్రవేశం భోజనానికి యూనిట్ యజమాని వచ్చాడు. నేను అలవాటు కొద్దీ నాయిన పక్కకు పరుగెత్తాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపేశాడు.

"సేట్, జర గట్టిగ మాట్లాడుండ్రి. నాకు చెవులు వినొస్తలేవు, రెండేండ్లాయె," అన్నాడు, వాకిలంతా వినబడేలా. తింటున్నవాళ్ల చేతులు ఆగిపోయాయి. "నేను జూసిన బండలు ఎవలెవలకు వొయ్యినయో జర జెప్పుండ్రి. ఇంటింటికి వొయ్యి మల్ల జూసొస్త."