ఆగి ఆగి నడిచిన ఎర్రకారు

ఇందిరాదేవి కారు కొన్నదన్న వార్త ఆమె కంటే ముందే మంథని చేరింది. కారు దారిలో ఆగిపోయింది, వార్త మాత్రం బస్సెక్కి వచ్చింది.

అది తొంభై మూడో సంవత్సరం. ఆమెకు నలభై ఆరేళ్లు. పిల్లల పెళ్లిళ్లు అయిపోయి ఇంట్లో ఆమె, భర్త శ్యాంసుందర్‌రావు మిగిలారు. జగిత్యాల దగ్గర పుట్టింటి మామిడితోట అమ్మితే ఆమె వంతు కొంత చేతికొచ్చింది. కరీంనగర్‌లో ప్లాటు కొనమని మరిది చెప్పాడు. బంగారం కొనమని ఆడబిడ్డ చెప్పింది. ఇందిరాదేవి అందరి మాటా శ్రద్ధగా విని, పోయి ఒక డాక్టరు అమ్మకానికి పెట్టిన పాత ఎర్రకారు కొన్నది. వెనక తలుపు పైకి లేచే చిన్న కారు. ఆ తలుపు మీదే ఆమెకు మనసైంది. ఎత్తింది, దించింది, మళ్లీ ఎత్తింది. ఇంజన్ సంగతి అడగనే లేదు.

"ప్లాటు కొంటే మంచిగుండు గదా వదినా" అని మరిది నసిగితే, "ప్లాటు మీద కూసుంటే అది నన్ను యాడికన్న తీసుకపోతదా?" అన్నది.

నడపడం అంతకు ముందు ఎండాకాలమే నేర్చుకుంది. పుట్టింట్లో జీపు తోలే అంజన్న కోతలైన చేలల్లో తిప్పి తిప్పి నేర్పాడు. ఒకనాడు ఆమె జీపుతో సహా గడ్డివాములో దూరి అవతలి పక్కన తేలింది. అంజన్న తలలోంచి గడ్డి దులుపుకుంటూ, "ఇగ మీకు వచ్చేసిందమ్మా. రోడ్డు మీద గడ్డివాములు ఉండయి" అని దండం పెట్టి సెలవు తీసుకున్నాడు.

కారు తెచ్చే రోజు శ్యాంసుందర్‌రావు వెనక సీట్లో కూర్చున్నాడు. ముందు కూర్చుంటే ఎదురొచ్చేవన్నీ కనిపిస్తాయని ఆయన భయం. ఇందిరాదేవికి మాత్రం భయం పేరైనా గుర్తు రాలేదు. కిటికీలోంచి గాలి కొడుతుంటే ఉయ్యాల ఊగినట్టుంది. పెద్దపల్లి దాటి కొంత దూరం పోగానే కారు రెండుసార్లు దగ్గింది, ఒకసారి నిట్టూర్చింది, ఆగిపోయింది. తాళం ఎంత తిప్పినా ఉలుకూ పలుకూ లేదు.

రోడ్డు పక్కన ఒక చాయ్ డబ్బా ఉంది. దాన్ని నడిపే రామవ్వ అనే ముసలామె చేయెత్తి పిలిచింది. "దొరసాని, నీడకు రాండ్రి. అదేడికి పోదు."

భార్యాభర్తలు చాయ్ తాగుతుండగా మంథని బస్సు వచ్చింది. డ్రైవరు ఆపి, కారు చుట్టూ ఒక చక్కర్ కొట్టి, అందరికీ కిటికీల్లోంచి చూపించి మరీ పోయాడు. అరగంట గడిచాక ఇందిరాదేవి ఊరికే తాళం తిప్పింది. ఏమీ జరగనట్టే ఇంజన్ అందుకుంది.

"నీ చాయ్ దానికి గూడ పనిచేసినట్టున్నది అవ్వా" అన్నది ఆమె.

ఆ తర్వాత కారు ఆగడం మామూలైపోయింది. కాసేపు నడుస్తుంది, దగ్గుతుంది, నిట్టూరుస్తుంది, ఆగుతుంది. దాని ఇష్టమొచ్చినంత సేపు పడుకొని తనంతట తానే లేస్తుంది. ఒకసారి మేకల మంద నడుమ ఆగింది. ఒక మేక బానెట్ ఎక్కి ఇందిరాదేవి ముఖంలోకి చూస్తూ నెమరేస్తూ నిలబడింది. ఆమెకు నవ్వాగలేదు. మేకలాయన కూడా నవ్వి, "దానికి గూడ పోవాలని ఉన్నట్టున్నదమ్మా" అన్నాడు. ఇంకోసారి కల్లు దుకాణం వాకిట్లో ఆగింది. శ్యాంసుందర్‌రావు తువ్వాల ముఖం మీద కప్పుకొని వెనక సీట్లో పడుకున్నాడు. అయినా తెలిసినవాళ్లు వచ్చి, "ఏం దొరా, పానం బాగలేదా?" అని తువ్వాల ఎత్తి మరీ పలకరించారు.

పెద్దపల్లి బస్టాండు దగ్గర మెకానిక్ సత్తార్ షెడ్డు ఉంది. సత్తార్ కారు బానెట్‌కు చెవి ఆనించి కళ్లు మూసుకునేవాడు, హకీం నాడి చూసినట్టు. "దొరికిందమ్మా" అనేవాడు. మొదట ప్లగ్గులు మార్చాడు. తర్వాత కార్బొరేటర్. తర్వాత కాయిల్. తర్వాత హైదరాబాద్ నుంచి పెట్రోలు పంపు తెప్పించాడు. ప్రతిసారీ ఒకే మాట. "ఇగ ఫికర్ జేయకుండ్రి. గుర్రం లెక్క ఉరుకుతది."

నిజంగా గుర్రంలాగే ఉరికేది. గుర్రంలాగే నచ్చినచోట నిలబడేది. చిక్కేమిటంటే, షెడ్డుకు రాగానే అది బడికొచ్చిన పిల్లలా బుద్ధిగా ఉండేది. సత్తార్ దాన్ని ఊరంతా తిప్పినా ఒక్కసారి దగ్గేది కాదు. ఆఖరుకు అతను ఇంజన్‌నే కిందికి దించాడు. ఆ ఏడు వాళ్ల పొలంలో మిరప పంట బాగా వచ్చింది, వచ్చిన డబ్బంతా ఆ ఇంజన్‌లోనే పోసినట్టయింది.

"మిరపకాయలు తింటే ఎవలికన్న మండుతది" అన్నాడు శ్యాంసుందర్‌రావు. "ఇదేంది ఇందిరా, ఇంకిన్ని పెట్టుమంటున్నది."

"ఆకలి మంచిదే గదా. పానం బాగున్నట్టు" అన్నదామె. ఆయనకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. ఇంట్లో చాలా ఏళ్లుగా ఇన్ని నవ్వులు లేవు.

ఇంజన్ నేల మీద ఉన్నన్ని రోజులూ ఆమె బస్సులో పెద్దపల్లి వచ్చి చూసిపోయేది, దవాఖానలో ఉన్న చుట్టాన్ని చూసినట్టు. షెడ్డు వెనకే సత్తార్ ఇల్లు. అతని భార్య షాజాదీ బేగం ఆమెను లోపలికి పిలిచి బగారా అన్నం పెట్టేది. ఇద్దరూ ఒకే ఈడువాళ్లు, అయినా ఆమెను ఆపా అని, అక్కా అన్నట్టు పిలిచేది. "ఆపా, మీ కారు ఖరాబయితే మీకు పరేషాన్, నాకు ఖుషీ" అనేది షాజాదీ బేగం. "మంచిగ నడిస్తే మీరు రారు గదా."

తర్వాతి ఎండాకాలంలో బెల్లంపల్లి పెళ్లి వచ్చింది. ఇందిరాదేవి చిన్నమ్మ కూతురు ప్రమోదిని అక్కడే ఉంటుంది. ఆమె బిడ్డ పెళ్లి. పూలదండలు, పట్టుచీర, రెండు గంపల సకినాలు వెనక తలుపెత్తి సర్దుకొని, ఇందిరాదేవి పొద్దున్నే బయలుదేరింది. ఇంజన్ కొత్తదానిలా ఉంది. గోదావరిఖని దాటి, గోదావరి వంతెన మీదికి వచ్చి, సరిగ్గా నడిమధ్యలో కారు దగ్గింది.

"ఇందిరా" అన్నాడు వెనక నుంచి భర్త.

"విన్న" అన్నదామె.

కారు నిట్టూర్చి ఆగింది. వెనక డ్యూటీ దిగిన బొగ్గుబాయి కార్మికుల బస్సు ఆగింది. దాని వెనక లారీలు. బస్సులోంచి కొండల్ అనే భారీ మనిషి దిగివచ్చి, కిటికీలోంచి చూసి, "పెండ్లికా అమ్మా?" అని అడిగాడు. పూలవాసన అతనికి బస్సులోకే వచ్చిందట. బస్సులో ఉన్నవాళ్లంతా దిగి నెట్టడం మొదలుపెట్టారు. శ్యాంసుందర్‌రావు దండలు నలిగిపోతాయని వాటిని తీసి మెళ్లో, రెండు చేతులకూ వేసుకొని ముందు నడిచాడు. ఎదురొచ్చే బస్సుల్లోంచి జనం ఆయనకు దండాలు పెట్టారు. ఏ ఎలక్షన్లో గెలిచాడో అనుకున్నారు.

అవతలి ఒడ్డు చేరాక కారు లేచింది. ఇందిరాదేవి వాళ్లందరికీ సకినాలు పంచింది. కొంత దూరం పోయాక మళ్లీ ఆగింది. వెనకే బస్సు. కార్మికులు దిగారు, నెట్టారు, సకినాలు తిన్నారు. మంచిర్యాల దాటాక ఇంకోసారి. బస్సు డ్రైవరు ముందుకు పోవచ్చు, కానీ పోలేదు. "ఇంకో గంప ఉన్నది గదమ్మా" అన్నాడు.

బెల్లంపల్లిలో పెళ్లింటి వీధి మలుపులో అది ఆఖరుసారి ఆగింది. పందిరి దగ్గర బ్యాండువాళ్లు మగపెళ్లివారి కోసం ఎదురుచూస్తున్నారు. మలుపులో కారు ముందు దండలేసుకున్న పెద్దమనిషి, వెనక నెడుతున్న గుంపు కనిపించేసరికి వాయించడం మొదలుపెట్టారు. ఆ మోతకు కార్మికులకు ఊపొచ్చింది. ఎగురుతూ, ఈలలేస్తూ కారును పందిట్లోకి నెట్టుకొచ్చారు. ఎదురుకోలుకు హారతి పళ్లెంతో పరుగెత్తుకొచ్చిన ప్రమోదిని స్టీరింగు ముందు అక్కను చూసి అక్కడే చతికిలబడి నవ్వింది. హారతి ఆరిపోయింది. ఎవరికీ పట్టలేదు.

కొండల్‌ను, అతని తోటివాళ్లను ప్రమోదిని భోజనం చేస్తేగాని పోనీయలేదు. ఆ లోపు ప్రమోదిని భర్త పెళ్లి చేసే అయ్యవారిని తేవడానికి స్కూటరు తీశాడు, అందులో పెట్రోలు లేదు.

"అక్క కారుల ఉన్నది గదా. ఎట్లాగు నడుస్తలేదు" అన్నాడు.

కొండల్ చేయి కడుక్కొని వచ్చి, కారు టాంకీలోకి రబ్బరు గొట్టం దించి నోటితో పీల్చాడు. ఏమీ రాలేదు. బుగ్గలు లోపలికి పోయేదాకా పీల్చాడు. ఏమీ రాలేదు. గొట్టం కొసను బొటనవేలితో మూసి మెల్లగా పైకి లాగాడు. దాని చివర ఏదో అంటుకొని వచ్చింది. పందిరికి కట్టిన తీగ ఒకటి విప్పి, వంచి, దాంతో పట్టి బయటికి లాగాడు. లాగుతుంటే వస్తూనే ఉంది. పెద్ద గళ్ల దస్తీ, జేబురుమాలు.

కారును కొన్న నాడే డాక్టరు టాంకీకి కొత్త మూత వేయించి ఇచ్చాడు. పాత మూత పోయిన రోజుల్లో ఎవరో ఆ దస్తీని కుక్కి ఉంటారు. అది లోపలికి జారింది. కారు నడుస్తుంటే పెట్రోలుతో పాటు అదీ ఇంజన్‌కు పోయే గొట్టం నోటికి వచ్చి మూసేది. ఆగితే మెల్లగా పక్కకు తొలగేది.

శ్యాంసుందర్‌రావు ఆ దస్తీని చూశాడు. ప్లగ్గులు, కార్బొరేటర్, కాయిల్, పంపు, దించిన ఇంజన్, ఏడాది మిరప అన్నీ ఆయన ముఖంలో ఒకదాని వెనక ఒకటి వచ్చిపోయాయి. తర్వాత భుజాలు కదలడం మొదలైంది. నవ్వు పొట్టలోంచి పొంగుతుంటే ఆయన కుర్చీలోంచి జారి, స్తంభం పట్టుకొని నవ్వాడు. ఇందిరాదేవి పోయి కారు బానెట్ మీద చెంప ఆనించింది. "నీదేం తప్పు లేదు. నాకు ముందే తెల్సు" అన్నది. ఏమీ తెలియదామెకు. కానీ ఆ క్షణంలో అన్నీ తెలిసినట్టే ఉంది.

పెద్దపల్లిలో సత్తార్ సంగతంతా విని తల పట్టుకున్నాడు. "ఇంజన్ దించిన, ఎక్కించిన. టాంకిలకు ఒక్కసారి తొంగి సూడలేకపోతి" అన్నాడు. షాజాదీ బేగం నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకొని లోపలికి పరుగెత్తింది. అక్కడి నుంచి కూడా వినిపిస్తూనే ఉంది. ఆఖరుకు సత్తార్‌కు కూడా నవ్వక తప్పలేదు.

ఇప్పుడు కారు ఆగడం లేదు. ఎక్కడికి పోవాలన్నా పోవచ్చు. బాసర ఎప్పుడూ చూడలేదని రామవ్వ ఒకనాడు అంటే, ఇందిరాదేవి మరునాడే డబ్బా మూయించి ఎక్కించుకుంది. గోదావరి గట్టున కూర్చొని వస్తానని షాజాదీ బేగం కూడా ఎక్కింది. సత్తార్ పానాలు, పనిముట్లు ఉన్న సంచి ఇవ్వబోతే ముగ్గురూ వద్దన్నారు.

కరీంనగర్, జగిత్యాల, మెట్‌పల్లి. కారు నిండా మాటలు. రామవ్వ తన పెళ్లినాటి కథ చెప్తుంటే ఆర్మూరు వచ్చిందీ తెలియలేదు, పోయిందీ తెలియలేదు. ఒక పెద్ద వంతెన మీద కింద గోదావరి కనిపించగానే రామవ్వ చేతులు జోడించింది. "బాసర అచ్చింది బిడ్డా."

వంతెన దాటాక ఇందిరాదేవి కారాపి, రోడ్డు పక్కన పోతున్న టోపీ ముసలాయనను గుడి ఎక్కడని అడిగింది.

"బాసరనా బాయి? మీరు నిర్మల్ తొవ్వల పడ్డరు. అది గా దిక్కున్నది" అన్నాడాయన. వాళ్ల ముఖాలు చూసి జాలిపడ్డట్టున్నాడు. "భైంసా మీదికెల్లి గూడ పోవచ్చు. జర సుట్టు అయితది."

"సుట్టయితే ఏమాయె, అది ఆగుతలేదు గద" అన్నది రామవ్వ.

ఇందిరాదేవి ముందుకే పోనిచ్చింది. సాయంత్రానికి బాసర చేరి, దర్శనం చేసుకొని, గోదావరి మెట్ల మీద కాళ్లు నీళ్లలో పెట్టుకొని ముగ్గురూ కూర్చున్నారు. చీకటి పడుతోంది, ఇక పొద్దున పోదామని సత్రంలో ఉండిపోయారు.

మరునాడు మధ్యాహ్నం వాళ్లు నిర్మల్, మంచిర్యాల మీదుగా పెద్దపల్లి వచ్చేసరికి షెడ్డుకు తాళం వేసి ఉంది. రాత్రి రాకపోయేసరికి కారు ఎక్కడో ఆగిందని సత్తార్, వెతుక్కుంటూ మొదటి బస్సుకే వచ్చిన శ్యాంసుందర్‌రావు ఇద్దరూ నిశ్చయించుకొని, పొద్దున్నే కిరాయి జీపులో పానాల సంచితో నిజామాబాద్ దారి పట్టారట. పక్క దుకాణం ఆయన చెప్పాడు. ఆడవాళ్లు వంట చేసుకొని తిని, పడుకొని లేచారు. పొద్దు గూకే ముందు ఒక లారీ వచ్చి ఆగింది. అందులోంచి దుమ్ముకొట్టుకుపోయిన ఇద్దరు మగవాళ్లు దిగారు.

"జీపేది?" అన్నది ఇందిరాదేవి.

సత్తార్ పక్కకు తిరిగి శ్యాంసుందర్‌రావు ముఖం చూశాడు. ఆయన గడప మీద కూర్చొని చెప్పులు విడిచాడు.

"మెట్‌పల్లి కాడ ఆగింది" అన్నాడు. "ఏం జేసినా లేస్తలేదు."

షాజాదీ బేగం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రామవ్వ అయితే అది కూడా పెట్టుకోలేదు. ఇందిరాదేవి గోడకు తగిలించిన కారు తాళాలు తీసుకుంది.

"బువ్వ తినుండ్రి ముందు" అన్నది. "తెల్లారంగ మనం పోయి దాన్ని గుంజుకొద్దాం."