గట్టు చెట్టు మీగడ కల్లు

ఆ రోజుల్లో కల్లుకి పేర్లుండేవి కావండి, చెట్లకే ఉండేవి. ఇప్పుడు సీసా మీద బొమ్మ చూసి తాగుతున్నారు గానీ, అప్పట్లో ఒక్క గుక్క పుచ్చుకుని, ఇది వంతెన పక్కదాని కల్లు, ఇది జంట తాళ్లలో పొట్టిదానిది అని చెప్పగలిగినవాళ్లుండేవారు. నాకు చదువు రాదు. రాత్రి బడి పెట్టి సంతకం నేర్పుతామని వచ్చినవాళ్లు మూడో అక్షరం దగ్గరే విసుగెత్తి వెళ్లిపోయారు. కానీ మా పన్నెండు చెట్ల రుచీ నా నాలిక మీద ఉండేది. ఆ నాలిక మూలంగానే, పోయినాయన్ని లేపి ఊరి మీదికి వదిలినంత పని చేశాను. నేను చెబుతుంటే మా పక్కింటి టీచరమ్మ రాస్తోంది. (నవ్వకుండా రాయమ్మా, చెయ్యి వణుకుతుంది.)

మాది నిడదవోలు పక్క. మొగల్తూరుకి ఇవతల ఊళ్లో, కల్లు గీసే ఇంటికి నన్నిచ్చారు. కాపురానికొచ్చిన నెల తిరక్కుండా మా మామగారు మధ్యాహ్నం కునుకని పడుకుని మళ్లీ లేవలేదు. కోడలి పాదం అలాంటిదని నలుగురూ అనుకుంటుంటే గోడ చాటున విన్నాను. మా వాళ్లలో ఒక ఆచారం ఉంది. గీసేవాడు పోతే పదో రోజున ఆయన లొట్టిని, అంటే చెట్టుకి కట్టుకునే చిన్న కుండని, ఆయన చెట్టు మొదట్లోనే పగలగొట్టాలి. లొట్టి ఉన్నంతకాలం దానికోసం తిరిగొస్తూనే ఉంటారట. మా అత్తగారు గుడ్డ కప్పి తెచ్చి, కాలవగట్టు మీద మామగారి చెట్టు కింద తన చేత్తోనే పగలగొట్టింది. ఊరంతా చూసింది, నేనూ చూశాను.

ఆ తర్వాత్నుంచి ఇల్లు ఒకలా ఉండేది. పొద్దుటి కల్లు అమ్మకం అయ్యాక, నేను కల్లు పాక నుంచి మా ఆయనకి అన్నం తీసుకెళ్లడానికి ఇంటికొచ్చేదాన్ని. మిట్టమధ్యాహ్నం, కాకి కూడా అరవదు. గుమ్మం దాకా వచ్చేసరికి లోపల మా అత్తగారి గొంతు వినపడేది. "ఇవాళ వడగాలి ఎక్కువగా ఉందిలే. వంతెన చెట్టుకి గెల తిరిగింది" అనేది. కాసేపు ఆగేది, ఎవరో జవాబు చెబుతున్నట్టు. "అంతేలే" అనేది మళ్లీ. కిటికీలోంచి చూస్తే ఆవిడ ఒక్కతే, అటక వైపు మొహం పెట్టి, వక్క కత్తిరిస్తూ కూర్చుని ఉండేది. నేను గిన్నెలు చప్పుడు చెయ్యకుండా సర్దుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తేదాన్ని. (ఒకరోజు కూర మరిచిపోయి ఉత్త అన్నం తీసుకెళ్లాను. మా ఆయన మారు మాటాడకుండా తిన్నాడు, పాపం. నా వంట కంటే అదే నయమనుకున్నాడేమో.)

లొట్టెలు కడగడం నా పని. ప్రతి లొట్టికీ దాని చెట్టు గుర్తుంటుంది. గట్టు చెట్టుకి మూడు గీతలు. ఒకరోజు కాలవ రేవులో ఆ మూడు గీతల లొట్టి చేయిజారి రాతి మీద పడి చీలిపోయింది. మామగారు పోయాక ఆయన చెట్టుకి కట్టిన కొత్త లొట్టి, అదీ నా చేతిలో. పాదం సంగతి అయింది, ఇక చెయ్యి కూడానా అంటారు. ముక్కలు నీళ్లలోకి తోసేసి, మా అత్తగారు లేని సమయం చూసి అటక ఎక్కాను. తవుడు బుట్ట వెనకాల పాత పంచెలో చుట్టి ఒక లొట్టి కనిపించింది. నల్లగా, నున్నగా ఉంది. అడుగున సున్నం బొటనవేలి గోరంత మందంగా పేరుకుపోయి ఉంది. తాంబూలం సున్నం దాచుకున్న కుండై ఉంటుందనుకుని, ఉత్త నీళ్లతో తొలిచి, మసితో మూడు గీతలు గీశాను. నాకొచ్చిన రాత అదొక్కటే. సాయంత్రం మా ఆయన దాన్నే గట్టు చెట్టుకి కట్టాడు.

మర్నాడు పొద్దున మంచు దట్టంగా ఉంది. లొట్టెలన్నీ పాకలో వరసగా పెట్టి, పెద్ద కడవలో కలిపే ముందు ఒక్కొక్కటీ రుచి చూస్తున్నాను. పులుస్తున్న కల్లుకి ఊపిరుంటుందండి, చెవి దగ్గర పెడితే చిన్నగా బుసకొడుతుంది. పదకొండూ బుసకొడుతున్నాయి. పన్నెండోది మాత్రం నిద్రపోతున్నట్టు మౌనంగా ఉంది. పైన నురగ తెల్లగా, సన్న మంట మీద కాగిన పాల మీగడలా చిక్కగా పట్టింది. వేలు ముంచి నాకాను. పులుపు లేదు, అలాగని ఉత్త తీపీ కాదు. లేత ముంజె నీళ్ల చలవ, నాలిక చివర చిన్న చురుకు, మింగాక పెదవి మీద వెన్న రాసినట్టు. ఇంకో వేలు ముంచాను. తర్వాత వేలెందుకని చిప్పతో ముంచాను. చిప్ప ఎన్నిసార్లు ముంచానో అది వేరే సంగతి. కడవలో మాత్రం కలపబుద్ధి కాలేదు, పక్కన పెట్టాను.

అంతలో లాకు తాత వచ్చాడు. కాలవ లాకు దగ్గర పనిచేసి మానేసినాయన, మా మామగారి జతగాడు, ఏ చెట్టు కల్లో చెప్పడంలో ఆయన్ని మించినవాడు లేడు. యానాం వెళ్లి బీరు సీసాలు మోసుకొచ్చి గొప్పలు పోయేవాళ్లని చూసి, గడ్డి ఉడకేసిన నీళ్లనేవాడు. ఆయనకి ప్రేమగా ఒక ముంత పోశాను. ఒక గుక్క తాగి ముంత కింద పెట్టేశాడు. మొహంలో నెత్తురు లేదు.

"పిల్లా, ఇది ఎవరు గీశారు?"

"మా ఆయనే, తాతా."

"కాదు. ఇది వాడి చెయ్యి" అని, మంచులో కనపడీ కనపడని గట్టు చెట్టు వైపు చూశాడు. "లొట్టి పగిలింది కదా. ఇంకా ఎందుకొస్తున్నాడు?"

చుక్క వదలని మనిషి సగం ముంత వదిలేసి వెళ్లిపోయాడు. ఎండెక్కేసరికి ఊరంతా పాకింది. సగం మంది గట్టు మీంచి నడవడం మానేశారు. మిగతా సగం, భయపడుతూనే, పోయినాయన చేతి కల్లు ఒక్క గుక్క పొయ్యమని వచ్చారు. రోజూ అదే మీగడ, అదే మౌనం. తాగుతుంటే పైన ఆకులు గరగరమంటాయి, అందరూ ఒక్కసారి తలెత్తి, మళ్లీ ముంతలోకి దించుకుంటారు.

మా ఆయనకి అన్నం సయించలేదు. "మా నాన్న తన చెట్టు తనే గీసుకుంటున్నాడు. ఏడాది తిరక్కుండా నేనెక్కానని కోపం" అన్నాడు. దూలాలు కోసేవాళ్లతో మాట్లాడి, రెండు రోజుల్లో చెట్టు కొట్టించెయ్యడానికి నిశ్చయించాడు. ఇంట్లో మధ్యాహ్నం గొంతు కూడా మారింది. ఇదివరకు కబుర్లు చెప్పే గొంతు, ఇప్పుడు అటక కింద తిరుగుతూ, "చెప్పకుండా ఎక్కడికెళ్లిపోయావయ్యా" అంటోంది. గుమ్మంలో అది విని, అన్నం గిన్నె తీసుకోకుండానే వెనక్కి తిరిగాను.

చెట్టు కొట్టే రోజు పొద్దున, లొట్టి దింపుకొస్తానని మా ఆయన ఆఖరుసారి ఎక్కాడు. కింద నిలబడి చూస్తున్నాను. సగం ఎత్తులో కాలు జారి జానెడు కిందికొచ్చి, చెట్టుని వాటేసుకుని ఉండిపోయాడు. ఎలాగో మెల్లగా దిగాడు, లొట్టి పైనే ఉండిపోయింది. ఇక నా పాదాన్నీ చేతినీ ఎవరేమన్నా అననీ అనుకుని, ఇంటికి పరిగెత్తి మా అత్తగారి ముందు ఉన్నదంతా కక్కేశాను.

ఆవిడ చేతిలో అడకత్తెర కింద పెట్టింది. "పంచెలో చుట్టిందేనా?" అంది.

"అదే, అత్తా."

"సున్నం గీకేశావా?"

"లేదత్తా. ఉత్త నీళ్లతో తొలిచాను."

అప్పుడు గోడకి జారబడి, కొంగు నోట్లో కుక్కుకుని, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియనంతగా ఊగిపోయింది. తర్వాత చెప్పింది. పదో రోజున పగలగొట్టింది మజ్జిగ కుండట. "నలభై ఏళ్లు ఆయన చేతిలో ఉన్నదే. చెయ్యి రాలేదు నాకు" అంది. మామగారు రోజూ లొట్టి అడుగున చూపుడు వేలితో ఒక్క చుట్టు సున్నం రాసేవారట. ఎక్కువైతే కల్లు పులవదు, లేకపోతే మరీ పులుస్తుంది. ఆ ఒక్క వేలి కొలత కన్నకొడుక్కి కూడా చెప్పలేదు. లొట్టి పోయిందని ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు, చెబితే ఆచారం తప్పినట్టు బయటపడుతుంది. లొట్టి తీశానని నేనూ చెప్పలేదు. మధ్యలో ఊరు వణికిపోయింది.

గట్టు మీదికెళ్లేసరికి గొడ్డళ్లు దింపుతున్నారు. మా అత్తగారు చెట్టుకి వీపానించి నిలబడి, పొద్దున్నే ఆయన కలలోకి వచ్చాడని, చెట్టు జోలికొస్తే ఊరుకోనన్నాడని, రోజూ ఒక ముంత ఇంటికి పంపితే కొడుకుని కంటికి రెప్పలా చూసుకుంటానన్నాడని, కళ్లార్పకుండా చెప్పింది. గొడ్డళ్లవాళ్లు మా కంటే ముందే ఇంటిదారి పట్టారు. మా ఆయన చెట్టుకి దణ్ణం పెట్టి, నిబ్బరంగా ఎక్కి లొట్టి దింపాడు. దాని మీది మూడు గీతలూ నేనే తుడిచేశాను. లొట్టి మళ్లీ అటకెక్కింది, గట్టు చెట్టుకి కొత్తది కట్టాం, సున్నం వేలి కొలత నా వేలికొచ్చింది. రోజూ ఆ ముంత ఇంటికెళ్లేది. మామగారి పేరు చెప్పి మా అత్తగారు తాగేది, అడుగున రెండు గుక్కలు నాకుంచేది. పోయినాయనకి ఆకలి బాగానే ఉందనేవాడు మా ఆయన.

కొన్నేళ్లకి మా అత్తగారు కాలం చేసింది. తర్వాత చాలా ఏళ్లకి మా ఆయనా వెళ్లిపోయాడు. పదో రోజున గుడ్డ కప్పి తీసుకెళ్లి, ఆ గట్టు మీదే, అందరి ముందూ నా చేత్తోనే పగలగొట్టాను. పగిలింది ఏ కుండో మాత్రం నన్నడక్కండి. (ఇది రాయకమ్మా. సరే, రాసెయ్యి, ఇప్పుడు నన్నెవరేమంటారు.)

ఇప్పుడు మిట్టమధ్యాహ్నం వక్క కత్తిరించుకుంటూ అటక వైపు కూర్చుంటాను. ఎండ సంగతి చెబుతాను, కాలవలో నీళ్లొచ్చాయో లేదో చెబుతాను. నిన్న గుమ్మం దగ్గర గిన్నె చప్పుడు వినపడి ఆగిపోయింది. కిటికీలోంచి చూశాను. మా అబ్బాయికి అన్నం తీసుకెళ్లడానికొచ్చిన మా కోడలు చెప్పులు చేత్తో పట్టుకుని, పొలం గట్టు మీద పరుగెత్తుతోంది. పిలుద్దామని నోరు తెరిచి, మానేశాను. దాని చంకలో అన్నం గిన్నె ఒక్కటే ఉంది. కూర మరిచిపోయింది.